మూడో పెట్టె ఉన్న చోటు

జీపు నూట పదిలో పోతోంది!

సుచరిత కాలు యాక్సిలరేటర్ మీంచి తీయడం లేదు. టైమ్ పదీ నలభై. పదకొండుకు రాజరత్నాన్ని మార్కాపురం కోర్టుకు తెస్తారు. అక్కడ పెద్దన్న కాచుకుని ఉంటాడు... నాటు తుపాకీతో!

పెద్దన్న భార్య బయ్యమ్మే ఫోన్ చేసి ఏడ్చింది. అడవిపందుల్ని కొట్టే తుపాకీని గోనెలో చుట్టుకుని బండెక్కాడట. ఫోన్ ఇంట్లోనే పారేసి వెళ్లాడట.

సుచరిత వెంటనే పోలీసులకు చెప్పింది. బయల్దేరామన్నారు. అయినా ఆమె మనసు ఆగడం లేదు.

ఎందుకంటే... తప్పు ఆమెది.

నెల కిందట ఒక రాత్రి భూమి అదిరింది. గోడ కూలి పెద్దన్న కూతురు మల్లీశ్వరి నిద్రలోనే పోయింది. తొమ్మిదేళ్ల పిల్ల!

అదిరింది ఎక్కడో తేల్చడం సుచరిత ఉద్యోగం. మూడు ఊళ్లలో, భూమి అదురును పట్టే మూడు పెట్టెలు పెట్టింది. భూకంపం తనకెంత దూరంలో పుట్టిందో ఒక్కో పెట్టె ఫోన్ సిగ్నల్ మీద చెబుతుంది. ఆ దూరాలతో మ్యాప్ మీద మూడు సున్నాలు చుడితే, అవి కలిసిన చోటే అదిరిన చోటు.

సున్నాలు పలకల క్వారీ మీద కలిశాయి. అక్కడ చుక్క పెట్టి అందరికీ చూపించింది. దొంగచాటుగా రాత్రి మందుగుండు పేల్చావంటూ క్వారీ యజమాని రాజరత్నాన్ని అరెస్టు చేశారు. పగలు తప్ప పేల్చనని ఆయన మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. ఆమె కూడా!

ఈ ఉదయం బేస్తవారిపేటలో మూడో పెట్టె చూడబోయింది. అది పెట్టిన ఇంటికి తాళం! ఇంటాయన వీరరాఘవయ్యను దుకాణంలో పట్టుకుంటే, ఆయన తాపీగా చెప్పాడు.

"రెండు నెల్ల కింద మా అమ్మ చెడ్డ నక్షత్రంలో పోయిందమ్మా. అట్ల పోతే ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాల గదా. నీ పెట్టెను మాత్రం వదిలిపెట్టలా. కంభంలో మా తమ్మునింట్లో పదిలంగా పెట్టినాము."

అక్కడే మ్యాప్ పరిచి మూడో సున్నాను కంభం నుంచి మళ్లీ చుట్టింది. చుక్క క్వారీని వదిలి ఏడు కిలోమీటర్లు జరిగింది. గ్యాస్ బావి కిందికి... రాత్రింబవళ్లు గ్యాస్ తోడేసి భూమిని గుల్ల చేస్తున్న కంపెనీ బావి కిందికి!

రైల్వే గేటు పడింది.

గూడ్స్ ఎంతకీ తెగదు. ఒక నిమిషం... మూడు... ఆరు!

గేటు లేచింది. ఊరు. మలుపు. కోర్టు!

బ్రేక్ వేసి దూకింది. పరుగెడుతోంది. ఆయన కాదని, ఆయన కాదని అరుస్తూనే ఉంది.

ఢాం!

జనం చెల్లాచెదురయ్యారు. మెట్ల మీద రాజరత్నం బోర్లా పడి ఉన్నాడు. చేతికి సంకెళ్లు అలాగే ఉన్నాయి. ఏ పాపం ఎరగని మనిషి! సుచరిత గుండె చెరువైపోయింది.

పోలీసులు పెద్దన్నను రెక్కలు విరిచి పట్టుకున్నారు. అతను పెనుగులాడటం లేదు. ఆమెను చూశాడు. కళ్ల నిండా నీళ్లు. నిలబడ్డచోటే తల వంచి మొక్కాడు.

"నువ్వు చుక్క పెట్టి చూపియ్యకపోతే వాడెవడో నాకెట్ల తెలిసేదమ్మా? నా బిడ్డ ఇంక నిమ్మళంగా పండుకుంటాది."