చెరగని ఒక్క మెషిన్

ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి గడియారాలాయన ఒక పాత అలారం గడియారం వీపు విప్పి చూస్తున్నాడు. ఒకప్పుడు వాళ్ళ నాన్న కింది గదిలో గడియారాలు బాగుచేసేవాడు. కొడుకు మేడమీద ప్రైవేట్ డిటెక్టివ్ అయ్యాడు. వృత్తి మారినా జనం పిలిచే పేరు మారలేదు. ఆయన సహాయకుడు గుమాస్తాగారు కోర్టులో రిటైరై వచ్చినవాడు. తమ సార్‌కున్న బుర్ర ఇంకెవరికీ లేదని ఆయన నమ్మకం, అడగని వాళ్ళకి కూడా చెబుతాడు.

"నేను తప్పు చేశానో లేదో మీరు తేల్చి చెప్పాలి," అంది ఆవిడ, కూర్చోకుండానే.

"ఏ తప్పమ్మా?"

"అదే తెలీదు. తెలిస్తే ఇక్కడిదాకా ఎందుకొస్తాను?"

గుమాస్తా కుర్చీ జరిపి మంచినీళ్ళిచ్చాడు. తాగి, కాస్త తేరుకుని, ఆవిడ తన సంగతి చెప్పింది. ఒక పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఒక పెద్ద కంప్యూటర్‌ని లోపల్లోపల విడదీసి చాలా కంప్యూటర్లలా నడపొచ్చు. వాటిని వర్చువల్ మెషిన్లు అంటారు. వాటిని లేపడానికీ, ఆపడానికీ, అక్కర్లేనప్పుడు చెరపడానికీ పనికొచ్చే ప్రోగ్రాముల లైబ్రరీ ఒకటి ఆవిడ రాసింది. రాసి, కోడ్‌తో సహా, అందరికీ ఊరికే ఇచ్చేసింది. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, లోపం కనిపిస్తే సరిదిద్ది పంపొచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో పంపుతారు. మొహం కూడా చూడని ఆ జనమంతా ఆవిడని పిన్నీ అని పిలుస్తారు.

"అంత పనీ చేసి ఊరికే ఇచ్చేశారా?" అన్నాడు గుమాస్తా, నమ్మలేక.

"నేనొక్కదాన్నే చేస్తే కదండీ. ఎక్కడో ఒక ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి, పొరపాటున తను పనిచేస్తున్న మెషిన్‌నే చెరిపేసుకుందట. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని నాలుగు లైన్లు రాసి పంపింది. అప్పట్నుంచీ నా లైబ్రరీ ఏ మెషిన్ మీద కూర్చుని పనిచేస్తోందో దాన్ని మాత్రం చచ్చినా చెరపదు. ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. అందరిదీ తలా ఒక చెయ్యి."

ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగింది. తర్వాత మళ్ళీ వాడిపోయింది. ఊళ్ళో అంబులెన్స్ కాల్స్ చూసే కేంద్రంలో నిన్న ఉదయం మెషిన్లన్నీ చెరిగిపోయాయి. పిన్ని లైబ్రరీ కొత్త వెర్షన్ పెట్టగానే పోయాయని అక్కడివాళ్ళు అంటున్నారు. దీన్ని వాడే ఆసుపత్రులన్నిటికీ తీసి పారేయమని ఈ మధ్యాహ్నం చెప్పబోతున్నారు.

"తప్పు నాదే అయితే నా చేత్తోనే మూసేస్తాను. అంబులెన్స్ అంటే ప్రాణాలండీ. కానీ నాది కాకపోతే, ఇంతమంది చేసిన పనికి ఆ మచ్చ ఎందుకు పడాలి?"

గడియారాలాయన అలారం గడియారాన్ని జేబులో వేసుకుని లేచాడు. గుమాస్తా అప్పటికే గొడుగు తీసుకుని గుమ్మంలో ఉన్నాడు.

కేంద్రంలో పెద్ద హాలు, గోడంతా ఒక తెర. దాని మీద అంబులెన్సులు చుక్కల్లా కదులుతున్నాయి. ఆపరేటర్లు చెవులకి ఫోన్లు తగిలించుకుని మాట్లాడుతున్నారు. డైరెక్టర్ దబాయించి మాట్లాడే మనిషి.

"ఊరికే వచ్చేదానితో ఇంతే సార్. మావాడు ఎప్పట్నుంచో నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు," అంటూ పక్కనున్న తన బావమరిదిని చూపించాడు. ఆ బావమరిది డబ్బుకి సాఫ్ట్‌వేర్ అమ్ముతాడు. నవ్వు మొహం, గదంతా అత్తరు వాసన. గుమాస్తా ఆయన్ని చూడగానే దొంగ దొరికాడని మనసులో తీర్మానించేశాడు.

"నిన్న చూసినవాళ్ళెవరు?" అడిగాడు గడియారాలాయన.

"అందరూ చూశారు," అన్నాడు చీఫ్ ఇంజనీర్. ఇస్త్రీ నలగని చొక్కా, నెమ్మదైన మాట. "ముఖ్య మెషిన్ ఇదిగో, ఈ హాల్లోంచే నడుపుతాను. అందరి ముందూ దాని మీదే కొత్త వెర్షన్ పెట్టాను. పెట్టీ పెట్టగానే దానికి పిచ్చెత్తినట్టు అన్నిటినీ చెరిపేసింది. చివరికి ముఖ్య మెషిన్ కూడా పోయింది. తెర నల్లబడింది."

"మరి మళ్ళీ ఎలా నడుస్తోంది?"

"అదంతా మా చీఫ్ చలవే," అన్నాడు డైరెక్టర్. "నిన్న పొద్దున్నే అన్నిటికీ కాపీలు తీసి పెట్టాడు. లేకపోతే నిండా మునిగేవాళ్ళం."

"కొత్త వెర్షన్ కదా అని జాగ్రత్తపడ్డాను," అన్నాడు చీఫ్. "ఒక్కోదాన్నీ ఆపి, కాపీ తీసి, మళ్ళీ లేపాను. ఎవరూ వాడని పాత పార్కింగ్ లెక్కల మెషిన్‌ని కూడా వదల్లేదు."

"ఆపకుండా కాపీ తీయడం కుదరదా?"

"మా దగ్గర కుదరదండీ."

గడియారాలాయన మెచ్చుకోలుగా తల ఊపి, కేంద్రమంతా చూపించమన్నాడు. వరండా చివర శిక్షణ గది ఉంది. తాళం తీస్తే, బల్ల మీద తెర వెలుగుతూనే ఉంది.

"ఇదేమిటి?"

"కొత్తవాళ్ళకి ఈ లైబ్రరీ వాడటం నేర్పే శిక్షణ మెషిన్," అన్నాడు చీఫ్. "ఇక్కణ్ణించి నడుస్తుంది."

"దీన్నీ కాపీలోంచే తెచ్చారా?"

"లేదండీ. ఇది పోలేదు. దీనికి కాపీ కూడా తీయలేదు. పనికొచ్చేది ఏమీ లేదు కదా అని లెక్కలోకి తీసుకోలేదు."

పిన్ని ఆ మాట విని ఏదో అనబోయింది. గడియారాలాయన కంటితోనే ఆపాడు.

"ఈ గది తాళం ఎవరెవరి దగ్గర ఉంది?"

"నా దగ్గరొకటి, బావమరిదిగారి దగ్గరొకటి."

"మొన్న సాయంత్రం నేనిక్కడ క్లాసు చెప్పాను," అన్నాడు బావమరిది. నవ్వు కొంచెం తగ్గింది. "పాఠం చెప్పడం కూడా నేరమేనా?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. సార్ మాత్రం అందరినీ హాల్లోకి రమ్మన్నాడంతే.

అందరూ వచ్చాక, ఆయన కోరిక మీద పిన్ని ఆ కొత్త వెర్షన్‌నే తీసుకుని, ఆట కోసం ఉత్త మెషిన్లు కొన్ని తయారుచేసింది. వాటిలో ఒకదాని మీద నుంచి అన్నిటినీ చెరిపేయమని ఆజ్ఞ ఇచ్చింది. గోడ మీద పేర్లు ఒకటొకటిగా మాయమయ్యాయి. చివరికి ఒక్కటి మిగిలింది.

"ఆజ్ఞ ఇచ్చిన మెషినే మిగిలింది, చూశారుగా," అన్నాడు గడియారాలాయన. "ఈ లైబ్రరీ తను కూర్చున్న కొమ్మని నరుక్కోదు. నిన్న జరిగింది ముఖ్య మెషిన్ మీద నుంచే అయితే ముఖ్య మెషిన్ మిగలాలి. అది పోయింది. మిగిలింది శిక్షణ మెషిన్. అంటే లైబ్రరీకి పిచ్చెత్తలేదు. శిక్షణ మెషిన్ మీద నుంచి ఎవరో చెరపమన్నారు, అది చెప్పిన పని చేసింది."

డైరెక్టర్ అనుకోకుండా బావమరిది వైపు చూశాడు.

"బావా, నా వైపు చూస్తావేంటి?" అన్నాడు బావమరిది. "ఆ టైముకి నేను నీ ఎదురుగానే ఉన్నాను."

"అందరూ ఇక్కడే ఉన్నారు," అన్నాడు గడియారాలాయన. జేబులోంచి అలారం గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. "శిక్షణ గదిలో ఎవరూ లేరు. కాబట్టి ఆజ్ఞ ముందే ఇచ్చి, టైం పెట్టి వచ్చారు, ఇలా అలారం పెట్టినట్టు. తాళాలున్నవాళ్ళు ఇద్దరే. ఇద్దరిలో ఎవరు?"

ఆయన గడియారాన్ని ఆపేశాడు. టిక్కుటిక్కు ఆగిపోయింది.

"ఆగిన గడియారంలో అలారం మోగదు. మెషిన్ కూడా అంతే, ఆపేస్తే అందులో పెట్టిన టైమూ పోతుంది. నిన్న పొద్దున చీఫ్‌గారు పాత పార్కింగ్ మెషిన్‌ని కూడా ఆపి కాపీ తీశారు. శిక్షణ మెషిన్‌ని మాత్రం ఆపలేదు. బావమరిదిగారు టైం పెట్టి ఉంటే ఆ సంగతి చీఫ్‌గారికి తెలియదు, అన్నిటితోపాటు దాన్నీ ఆపేసేవారు. ఆపితే తన పని చెడుతుందని తెలిసినవాడే దాన్ని ఆపకుండా వదులుతాడు."

చీఫ్ ఇంజనీర్ ఆ గడియారాన్ని చేత్తో పక్కకి జరిపాడు.

"ఎవరికీ ప్రాణం మీదికి రాకూడదనే కాపీలు తీశాను," అన్నాడు.

"తెలుసు. ఆ మంచితనమే మిమ్మల్ని పట్టిచ్చింది. ఎందుకు చేశారు?"

చీఫ్ పిన్ని వైపు తిరిగాడు. "మీ లైబ్రరీని మొత్తం తిరగరాసి పంపానండీ. వేరే పేరుతో. ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నానో. వద్దన్నారు. ఇది పోతే నాది వాడతారనుకున్నాను."

పిన్నికి గుర్తొచ్చింది. ఆవిడ గొంతులో కోపం లేకపోవడం చూసి గుమాస్తాకి ఆశ్చర్యం వేసింది. "వద్దనలేదు నాయనా. అంతా ఒకేసారి చదవలేను, కొంచెం కొంచెంగా పంపమన్నాను. అందరికీ అదే చెబుతాను. బాగా రాశావని కూడా అన్నాను కదా."

"మొత్తం తిరగరాశారు," అన్నాడు గడియారాలాయన మెల్లగా, "కానీ మొత్తం చదవలేదు. ఆ నాలుగు లైన్లు చదివి ఉంటే శిక్షణ మెషిన్ జోలికి వెళ్ళేవారు కాదు."

డైరెక్టర్ దబాయింపు ఎటుపోయిందో. చీఫ్‌ని తన గదిలోకి పిలిచి తలుపు వేసుకునే ముందు, ఆయనే పిన్నికి చేతులు జోడించాడు. ఆసుపత్రులకి చెప్పాల్సిన మాట మారిపోయింది. లైబ్రరీలో లోపం లేదు, నిశ్చింతగా వాడుకోండి అని చెబుతామన్నాడు.

పిన్ని మాత్రం హాల్లోనే ఒక మూల కూర్చుని ఏదో టైప్ చేస్తోంది.

"ఎవరికమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆ నాలుగు లైన్ల అమ్మాయికి. ఎప్పుడూ సరిగ్గా థాంక్స్ చెప్పలేదు."

జవాబు వెంటనే వచ్చింది. పిన్ని చదివి, కళ్ళు తుడుచుకుంటూ తెరని గుమాస్తా వైపు తిప్పింది.

"అవి నేను రాసినవేనా? మర్చేపోయాను పిన్నీ. ఎవరికైనా పనికొచ్చాయా?"