ఇర్యా ఆపేసిన గంట

తొర్రిపన్ను సరస్సు ఒడ్డున మనుషుల కంటే పడవలెక్కువ, పడవల కంటే కోతలెక్కువ. వేసవిలో గుడారాలేసుకునే పట్నంవాళ్ళు అక్కడ జానెడు చేపని పడితే, ఇల్లు చేరేలోపు అది తిమింగలమై కూర్చుంటుంది. చలికాలం వస్తే సరస్సంతా బండరాయిలా గడ్డకడుతుంది. ఊరివాళ్ళు దానిమీదే నడిచిపోయి, మంచుకి బెజ్జం పెట్టి, గాలం వేసుకుని కూర్చుంటారు.

అక్కడో కట్టుబాటుంది. సరస్సు మీద మనిషుండగా పొగమంచు కమ్మితే ఒడ్డునున్నవాళ్ళు గంట కొట్టాలి. వెళ్ళినవాళ్ళు గడప తొక్కేదాకా ఆపకూడదు. కళ్ళు పనిచెయ్యని చోట ఆ చప్పుడే దారి.

ఆ రోజు గాలం వేసింది లెంపి. ఒడ్డున ఇంట్లో ఉన్నది ఆమె ఆడపడుచు ఇర్యా. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు. ఒకే పొయ్యి దగ్గర పొద్దస్తమానం పోట్లాడుకుంటారు, ఒకరు కనబడకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు. కిందటేడు ఇర్యా ఒక్కగానొక్క కొడుకు ఆర్వో మంచు విరిగి నీళ్ళలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు.

"నీ నోటికి జడిసి చేపలన్నీ అవతలి ఒడ్డుకి పోతాయి, వదినా," అంటూ పొద్దున సాగనంపింది ఇర్యా.

"పోనీ. నీ చేతి పులుసు తప్పించుకున్నాయని సంతోషిస్తాయి," అంది లెంపి.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. పాలకుండ నెత్తిన బోర్లించినట్టు దిగింది. తన ముక్కు తనకే కనబడలేదు. అంతలో ఒడ్డు నుంచి గంట... టంగ్... టంగ్... లెంపి గాలం చుట్టేసి ఆ వైపు నడిచింది.

కొంతదూరం పోయాక పక్కనే ఏదో వాసన. కుళ్ళిన నాచు, అడుగుబురద. ఆపైన అడుగుల చప్పుడు. తడి పాదాలు, చెప్పుల్లేని పాదాలు.

"ఎవరది?"

ఆ అడుగులు ఆమెను దాటుకుని గంటవైపే పోయాయి.

కాసేపటికి గంట ఆగిపోయింది.

చెయ్యి నొప్పెట్టి ఉంటుందిలే, అనుకుంది లెంపి. నిలబడింది. కాళ్ళ కింద మంచు ఎక్కడో చిన్నగా చిట్లింది. "కొట్టవే, ఇర్యా," అని గొంతు చించుకుని అరిచింది. లోకమంతా దూదితో కుక్కినట్టు నిశ్శబ్దం.

బోర్లా పడుకుంది. చేతులతో తడిమింది. ఇందాకటి తడి అడుగులు గాజు బిళ్ళల్లా గడ్డకట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే పట్టుకుని పాకింది. గోళ్ళు ఊడేలా పాకింది. అవి తిన్నగా తమ గుమ్మం దాకా పోయి ఆగాయి.

తలుపు గడియ వేసి ఉంది.

"తియ్యవే."

"తియ్యను, వదినా." తలుపును ఆనుకునే గుసగుస.

"గంటెందుకు ఆపావు?"

"మావాడొచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఒకరొస్తే ఒకరు ఆ నీళ్ళలో ఉండిపోవాలట... వాడే చెప్పాడు."

"అందుకని నన్ను..."

"వాణ్ణి మళ్ళీ పంపలేను. నువ్వు వెళ్ళిపో."

లెంపికి చలి తెలియడం మానేసింది. జ్వరమొస్తే తన నుదుటిమీద తడిగుడ్డ వేసిన చెయ్యి, ఇన్నేళ్ళు ఒకే కంచంలోకి చాచిన చెయ్యి... ఆ చెయ్యే గంట తాడు వదిలేసింది. తెలిసి వదిలేసింది.

లోపల కుర్చీ జరిగింది. తడి పాదాలు నేలమీద... ఒకటి... ఇంకొకటి.

"వదినా," అంది ఇర్యా. ఆ గొంతు మారిపోయింది. "నువ్వు బయటే ఉన్నావా?"

గడియ గడగడలాడింది. లోపల్నుంచి ఇర్యా లాగుతున్నా అది ఊడి రావడం లేదు.

"నువ్వు బయటుంటే... వీడు నీలా మాట్లాడతాడేం, వదినా?"

ఎంత కోపమున్నా ఆడపడుచే. కిటికీలోంచి దూకవే అని చెప్పబోయింది లెంపి. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి.

మాట మాత్రం తలుపుకి అవతల, వాడి నోట్లోంచి వినపడింది.