సతీశ్ ఇష్టంగా తిన్నవి

పొద్దున్నే లేచి యాదవ్వ పొయ్యి వెలిగించింది. కామారెడ్డిలో పనిచేసే కొడుకు సతీశ్ రోడ్డు ప్రమాదంలో పోయి అది అయిదో రోజు. పిట్టకు పెట్టాలి. కోడికూర, బెల్లం పూర్ణంతో పోలెలు, వాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తరాకులో సర్దింది. ఎల్లారెడ్డి శివారులో, చేనిగట్టున ఆకు పెట్టి అందరూ దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిపడ్డట్టు.

బయలుదేరబోతుంటే వాకిట్లో ఆటో ఆగింది. పాతికేళ్ల అమ్మాయి దిగింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"ఎవరు కావాలె బిడ్డా?" అడిగాడు యాదవ్వ భర్త హనుమాండ్లు.

"నా పేరు వినీత, బాపూ. కామారెడ్డి నుంచి వచ్చిన. సతీశ్ భార్యను."

సతీశ్ చెల్లెలు నిరోష చేతిలో చెంబు ఒరిగి నీళ్లు కాళ్ల మీద పడుతున్నాయి. ఆమెకు తెలియలేదు.

ముందుగా తేరుకున్నది మేనత్త నర్సవ్వ.

"మనిషి పోయి అయిదొద్దులు కాలే, పెండ్లాన్నని దిగిందా! ఇంటి మీద కన్ను పడ్డదా పిల్లా?"

"నాకేం వద్దు. ఈ కూర ఆయన ఆకుల పెట్టి పోత."

యాదవ్వ డబ్బా లాక్కుని మూత తీసింది. కాకరకాయ కూర.

"చూసిండ్రా దీని అబద్ధం! నా కొడుకు కాకరకాయ వాసనకే లేచి పోయెటోడు. నువ్వు వాని పెండ్లానివా? నడువు బయటికి!"

"రెండేండ్ల సంది ఇదే తిన్నడవ్వా. షుగర్ వచ్చింది."

"నోరు ముయ్యి! మొన్న ఉగాదికి నా చేతి పోలెలు ఆరు తిన్నడు!"

"ఎరుకే." వినీత తల దించుకుంది. "ఇక్కడికొస్తే తినెటోడు. వద్దంటే అవ్వకు అనుమానమొస్తది, ఏడుస్తది అనెటోడు. తిరిగొచ్చినంక రెండు రోజులు మంచం మీదనే."

సంచిలోంచి దవాఖాన చీటీ తీసి నిరోషకు ఇచ్చింది. అన్న పేరు. షుగర్ మూడు వందల పది. వెంట వచ్చినవారు: వినీత, భార్య. తేదీ రెండేళ్ల కిందటిది.

"అన్నదే బాపూ," అంది నిరోష.

"మాకెందుకు చెప్పలే?" హనుమాండ్లు చీటీ అందుకున్నాడు.

"కులం వేరు బాపూ. నిరోష పెండ్లి అయినంక చెప్త అన్నడు. వచ్చే నెలనే కదా అన్నడు."

నిరోష గోడకు ఆనుకుని అక్కడే కూలబడింది.

"ఆయన పోయిననాడు దవాఖాన కాడ నీ ఎనుకనే నిలబడ్డ అవ్వా. నువ్వు ఏడుస్తుంటే ముందటికి రాలేకపోయిన."

ఆ రోజు తన భుజం మీద ఎవరో చెయ్యి వేసి తీసేసినట్టు యాదవ్వకు గుర్తొచ్చింది. అప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె నేల మీద కూర్చుంది. పండుగ పండుగకూ కొడుకు ఈ ఇంట్లోనే పీట మీద కూర్చుని, నవ్వుతూ, ఇంకొకటి వెయ్యవ్వా అని అడిగి తిన్నాడు. విస్తట్లోంచి పోలెలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగింది.

"వదినా, ఏం జేస్తున్నవు? పిట్టకు తీపి లేకుంటెట్ల?"

"అవి వానికి పడయి నర్సవ్వా."

ఖాళీ అయిన చోటు చూసింది. విస్తరిని వినీత వైపు జరిపింది.

"కూర నువ్వే పెట్టు కోడలా. వాడు ఎంత తింటడో నాకు తెల్వది."

వినీత ఏడుస్తూనే వడ్డించింది. యాదవ్వ దగ్గరగా జరిగి, ఎంత పెడుతుందో చూస్తూ కూర్చుంది.