కొలవని గుంత

మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు బిజినేపల్లి చౌరస్తాలో సర్వేయర్ వెంకటన్న తన చివరి చాయ్ తాగాడు. చాయ్‌లో విషం లేదు. చక్కెర కూడా తక్కువే. పక్కనుంచి పోయిన బైక్ మీద వెనక కూర్చున్నవాడు చెయ్యి చాపి, బాగా తెలిసినవాడిలా వెంకటన్న మెడ మీద తట్టాడు. వాడి వేళ్ల మధ్య సూది ఉంది.

"ఎవడ్రా గది?" అని నవ్వుతూ వెనక్కి తిరిగిన వెంకటన్న ఆ నవ్వు మొహంతోనే బెంచీ మీంచి జారిపోయాడు. హోటల్ వాడు ఫిట్స్ అనుకుని పరుగెత్తుకొచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టాడు. తాళంచెవులు ఏం చేస్తాయి పాపం, వాటి శక్తి వాటిది.

వెంకటన్న జేబులో సర్వే పుస్తకం దొరికింది. అందులో చివరి పేజీ మీద మూడే మూడు ముక్కలున్నాయి. చేతి పని. గద్వాల గుంపు. ఎనిమిది మంది.

*

"రింగ్ రోడ్ గురించి నీకేం తెలుసు?" అడిగింది యమున.

ఆమె కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో సౌత్ డివిజన్ చీఫ్. ఎదురుగా నిలబడ్డవాడు ఇలియాస్, ఏజెంట్ ఫార్టీ వన్. వనపర్తి బస్టాండ్ దగ్గర వాచీలు రిపేరు చేసే మనిషి కొడుకు. ఇరవై ఏళ్ల సర్వీసు, మూడు బుల్లెట్ గాయాలు, ఒక్క ప్రమోషన్.

"హైదరాబాద్ చుట్టూ తిరుగుతుంది మేడమ్. ఊళ్లోకి రానివ్వకుండానే ఊరు దాటించేస్తుంది."

"జోకులు తర్వాత."

గోడ మీద మ్యాప్ వెలిగింది. రాజధాని చుట్టూ మూడు వందల యాభై కిలోమీటర్ల ఎర్ర గీత. దాని దక్షిణపు వంపులో, నాగర్‌కర్నూల్ జిల్లా ఉత్తరపు అంచున ముప్పై కిలోమీటర్ల ముక్క మాత్రం ఆకుపచ్చగా ఉంది.

"ఈ ముక్క పూర్తయింది. గురువారం పదకొండింటికి ట్రయల్ రన్. ముందు ఐదు బస్సుల్లో రోడ్డు వేసిన కూలీలు. వాళ్ల వెనక ఒక ట్రైలర్."

"ట్రైలర్‌లో?"

"పేపర్లకి వంతెన గడ్డర్. నీకూ నాకూ మిసైల్ గైడెన్స్ యూనిట్. ఆ సంగతి 'ఆర్బిట్'కి తెలిసిపోయింది."

ఆర్బిట్ అంటే నాలుగు దేశాల పాస్‌పోర్టులున్న విదేశీ ముఠా. రోడ్డు రూట్ ఫైనల్ కాకముందే మ్యాప్ కొనేసింది. ఎక్కడో ఒకచోట రోడ్డు అంచు కింద రెండు వందల కిలోల పేలుడు పదార్థం పాతిపెట్టింది. మెషీన్‌తో తవ్వితే టైర్ల జాడలు మిగులుతాయి, నలుగురూ చూస్తారు. అందుకని గద్వాల నుంచి ఎనిమిది మంది కూలీలను పిలిపించి చేత్తో తవ్వించింది. లెవెల్ తేడా కనిపెట్టిన వెంకటన్న మనకు ఫోన్ చేశాడు. కలుద్దామన్న రోజే పోయాడు.

"ఆ ఎనిమిది మంది?"

"పోయిన వారం వాళ్ల ట్రాక్టర్ కాలవలో బోల్తా పడింది. ఏడుగురు పోయారు, శవాలు మార్చురీలోనే ఉన్నాయి, పేర్లు మనం బయటపెట్టలేదు. మేస్త్రి యేసయ్య కూడా. అతని భార్య జమ్ములమ్మ జ్వరమొచ్చి ఆ రోజు ట్రాక్టర్ ఎక్కలేదు. శ్రీరంగాపూర్‌లో చెల్లెలింట్లో దాక్కుంది. వెళ్లి గుంత ఎక్కడుందో కనుక్కో."

"ముందు బస్సులు ఆపేద్దాం మేడమ్."

"ట్రైలర్ మారుస్తాం. ఖాళీది పంపుతాం. బస్సులు ఆపం. ఆపితే వాళ్లకు అనుమానం వస్తుంది, బాంబు ఇంకో రోజుకు వాయిదా పడుతుంది. ఆ రోజేదో మనకు తెలియదు."

"రెండు వందల నలభై మంది మేడమ్."

"లెక్కలు నాకూ వచ్చు." ఆమె మ్యాప్ ఆర్పేసింది. "శైలజ నీతో వస్తుంది."

శైలజ సంస్థకు గర్వకారణం. రెండేళ్లుగా ఆర్బిట్ లోపల ఉంటూ మనకు కబుర్లు మోస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె ఫోటో ఉన్న ఫైల్ ఒకసారి తీసుకున్నవాడెవడూ టైముకు తిరిగివ్వలేదు. ఇలియాస్ మాత్రం ఫోటో గురించి ఆలోచించలేదు. వెంకటన్న ఆ రోజు బిజినేపల్లిలో ఉంటాడని తెలిసినవాళ్లు ముగ్గురే. యమున, శైలజ, తను. సూది పంపింది తను కాదని ఇలియాస్ గట్టిగా నమ్మాడు.

*

గురువారం ఉదయం ఏడింటికి శ్రీరంగాపూర్ వీధుల్లో ఒక మోపెడ్ తిరిగింది. వెనక బుట్టలో స్టీలు సామాన్లు, హ్యాండిల్‌కు వెంట్రుకల సంచి. అడుగున ఉన్న టిఫిన్ డబ్బాలో శాటిలైట్ ఫోన్.

"వెంట్రుకలకు స్టీలు సామాన్లూ!" అని అరిచాడు ఇలియాస్. ఆ గొంతు వింటే పదేళ్లుగా అదే వ్యాపారం అనుకోవాలి.

మలుపులో జీప్ ఆగింది. స్టీరింగ్ ముందు నల్ల కళ్లద్దాలు, తీగలాంటి మనిషి, జీప్ దిగకముందే చేరే సెంటు వాసన.

"తెల్ల వెంట్రుకలు తీసుకుంటారా?" అడిగింది శైలజ.

"రంగేసి ఉంటే తీసుకుంటం." కోడ్ సరిపోయింది. "నువ్వు బండిలోనే ఉండు. పట్నం మనిషిని చూస్తే బెదురుతుంది."

మూడో ఇంట్లోంచి నలభై ఏళ్ల మనిషి చిన్న వెంట్రుకల ఉండ పట్టుకుని వచ్చింది. బొబ్బలెక్కిన అరచేతులు. ఇలియాస్ గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు జమ్ములమ్మవు గద?"

ఆమె తలుపు మూయబోయింది. అతను కాలు అడ్డం పెట్టి అరచెయ్యి తెరిచాడు. నల్ల దారానికి చిన్న సిలువ.

"యేసయ్య బతికే ఉన్నడు. మా దవాఖానల ఉన్నడు. నమ్మదేమో, గిది జూపియ్యమన్నడు."

అది పచ్చి అబద్ధం. బుధవారం సాయంత్రం మార్చురీలో ఆ దారాన్ని శవం మెడ నుంచి ఇలియాసే కత్తెరతో కత్తిరించాడు. ఆశ పెడితే మనిషి త్వరగా మాట్లాడుతుందని ట్రైనింగ్‌లో నేర్పారు. నేర్పినవాడికి మెడల్ వచ్చింది.

జమ్ములమ్మ దారం తీసుకుంది. ముడిని ఒకసారి తడిమింది. తెగిన కొసను వేళ్ల మధ్య నలిపింది. తర్వాత కొంగున కట్టుకుంది.

"ఏం గావాలె నీకు?"

"గుంత యాడ తవ్విండ్రు?"

"తెల్వదు సారు. బండిల ఎక్కిచ్చి సుట్టూ పరదాలు గట్టి తీస్కపోయిండ్రు. రోడ్డు పక్క. గా రోడ్డు యాడ జూసినా ఒక్క తీర్గనే ఉంటది."

"అండ్ల బాంబు వెట్టిండ్రు అక్కా. పదకొండుకు దాని మీదికెల్లి బస్సులు వోతయి."

ఆమె గడప పట్టుకుంది. "మా సరిత మొదటి బస్సుల ఉంది. రోడ్డు పని జేసిన పిల్ల గద, బస్సుల దిప్పుతరంట అని నిన్న ఫోన్ల ఒకటే సంబురం." అతని కాళ్ల వైపు వంగింది. "ఆపుండ్రి సారు. నీ కాల్మొక్త. బస్సు ఆపుండ్రి."

"ఆపరు. బస్సులల్ల ఉన్నోళ్ల ఫోన్లు గుడ గుంజుకున్నరు. గుంత దొర్కితెనే పిల్ల దక్కుతది."

ఇంతకంటే మెత్తగా చెప్పొచ్చు. మెత్తగా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, అతని దగ్గర అవి లేవు. జమ్ములమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి కూలిపనికి బయల్దేరే మనిషిలా ఉంది.

"దిమ్మ ఇడ్సినం," అంది.

చేత్తో మట్టి తవ్వే పాలమూరు కూలీలు గుంత నడుమ ఒక దిమ్మను వదిలేస్తారు. దాని నెత్తి మీద పాత నేల, పాత గడ్డి అలాగే ఉంటాయి. తర్వాత టేపు పట్టుకుని వచ్చిన ఇంజనీర్ దిమ్మ ఎత్తును బట్టి గుంత లోతు కొలుస్తాడు. కొలత అయ్యేదాకా దిమ్మను ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే చేసిన పని చెయ్యనట్టే.

"మేడం ఒకామె ఉండె. మొఖానికి గుడ్డ. గుంత పూడ్వుమన్నది. కొలువలే గద మేడం, దిమ్మ ఎట్ల దీస్తం అన్నడు మా ఆయన. ఆమె నవ్వింది. సరే ఉండనియ్ అన్నది. దిమ్మ సుట్టూ పూడ్సి వచ్చినం. కొత్త మన్ను నడుమ తట్టంత గడ్డి కనవడ్తది, సూడు."

టిఫిన్ డబ్బా తెరుచుకుంది. యమున టేబుల్ మీద ముప్పై కిలోమీటర్ల డ్రోన్ ఫోటోలున్నాయి. రోడ్డు పొడవునా కొత్త మట్టే. నడుమ గుండ్రంగా ఎండుగడ్డి ఉన్న చోటు ఒకటే దొరికింది. ఆరు నిమిషాల్లో జవాబొచ్చింది. పదిహేడో కిలోమీటరు.

"బాంబ్ స్క్వాడ్‌ను వాటర్ ట్యాంకర్‌లో పంపండి. రిమోట్ ఎవరి చేతిలో ఉందో తేలేదాకా దూరంగా ఆగాలి," అన్నాడు ఇలియాస్. "గడ్డి సంగతి మీ నోటి నుంచి ఎక్కడికీ పోకూడదు మేడమ్."

జీప్ దగ్గరికి వచ్చి శైలజతో మాత్రం, "ఎర్ర రంగు పూసిన రాయి గుర్తట. పదిహేడు దగ్గర వెతుకుదాం," అన్నాడు.

"అంతేనా చెప్పింది?"

"కూలి మనిషి. ఇంకేం తెలుస్తుంది?"

జమ్ములమ్మ తన పార తెచ్చుకుని వెనక సీట్లో కూర్చుంది. జీప్ కదలగానే ఒకసారి గట్టిగా గాలి పీల్చి, పార కర్రను రెండు చేతులా పట్టుకుంది. వనపర్తి దాటినా, బిజినేపల్లిలో వెంకటన్న కూలిపోయిన బెంచీ దాటినా, నాగర్‌కర్నూల్ దాటినా ఆ పట్టు వదల్లేదు.

*

పది గంటల యాభై ఎనిమిది నిమిషాలు. పదిహేడో కిలోమీటరు రాయి దగ్గర రోడ్డు నున్నగా, నల్లగా ఎండకు మెరుస్తోంది. రోడ్డంచు పొడవునా ఎర్రటి కొత్త మన్ను. అందులో తట్టంత ఎండుగడ్డి. యాభై అడుగుల అవతల సర్వే వాళ్లు ఎర్ర రంగు పూసిన రాయి ఒకటి నిజంగానే ఉంది. ఇలియాస్ దాన్ని వదిలేసి శైలజ కాళ్లనే గమనించాడు.

శైలజ రాయి వైపు పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మట్టి మీదికి నడిచింది. "ఇక్కడ ఏమీ లేదు. పద్దెనిమిదికి పోదాం," అంటూనే బూటు మడమతో గడ్డిని కుళ్లగించి అవతలికి తన్నింది.

"ఎర్ర రాయి అటుంది శైలజా," అన్నాడు ఇలియాస్. "గడ్డితో నీకేం పని?"

చెయ్యి తుపాకీ వైపు పోయేలోపే ఆమె పిస్టల్ అతని నుదుటికి గురిపెట్టి ఉంది. అందంలోనే కాదు, స్పీడులో కూడా సంస్థకు ఆమే ఫస్ట్.

"వెంకటన్న కూడా నీలాగే తెలివైనవాడు," అంది. ఎడమచేత్తో లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. చిన్న ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలైంది. "అరవై సెకన్లు. అదిగో, నీ బస్సు కూడా టైముకే వస్తోంది."

నిజమే. మలుపులో మొదటి బస్సు కనిపించింది. బస్సులో పాటలు పాడుతున్నారు. కిటికీల్లోంచి చేతులు, చున్నీలు ఊగుతున్నాయి.

"కదిలావా, ముందు నువ్వు పోతావు." శైలజ ఇలియాస్ మీంచి చూపు తిప్పకుండా వెనక్కి అడుగులేస్తూ జీప్ వైపు జరిగింది. ఆ దారిలోనే జమ్ములమ్మ పార పట్టుకుని నిలబడి ఉంది. శైలజ ఆమెను చూసింది, చూడనట్టే దాటబోయింది. రెండేళ్లు మొత్తం సంస్థనే మోసం చేసిన మనిషి, కూలిదాని చేతిలో పార ఎందుకుందని ఒక్క క్షణం ఆలోచించలేదు.

"గుంతకాడ గుడ గిదే వాసన," అంది జమ్ములమ్మ.

పార దిగింది. ఇరవై ఏళ్లు గట్టి నేలలో దిగిన చేతివాటం, మణికట్టు ఎంత? ఎముక విరిగిన చప్పుడు ఇలియాస్‌కు వినిపించింది. పిస్టల్ పేలి బుల్లెట్ అతని చెవిని గీరుకుంటూ పోయింది. శైలజ కూలబడింది, ఎడమచేతిలోని లిప్‌స్టిక్ జారి మట్టిలో పడింది. అతను ఒక్క దూకు దూకి పిస్టల్‌ను కాలితో తన్నాడు. రక్తంలో, మట్టిలో దేవులాడి లిప్‌స్టిక్ అందుకున్నాడు. అది సంస్థ వర్క్‌షాప్‌లోనే తయారైన రిమోట్. శైలజకు పుట్టినరోజు కానుకగా ఇచ్చారు. రెండుసార్లు వెనక్కి తిప్పితే ఆగుతుంది.

ఒకసారి తిప్పాడు. వేళ్లు జారాయి. బస్సు ముందు చక్రాలు పదిహేడో రాయిని దాటబోతున్నాయి. రెండోసారి తిప్పాడు.

దీపం ఆరింది. బస్సు పాటతో సహా వాళ్లను దాటిపోయింది. నాలుగో కిటికీలోంచి పంతొమ్మిదేళ్ల పిల్ల తల బయట పెట్టి, "అమ్మా! నువ్వేంది గీడ?" అని అరిచింది. జమ్ములమ్మ పారను వీపు వెనక దాచి, ఖాళీ చెయ్యి ఊపింది.

*

మధ్యాహ్నానికి బాంబ్ స్క్వాడ్ పేలుడు పదార్థాన్ని తీసుకుపోయింది. శైలజను అంబులెన్స్‌లో ఎక్కించారు. గుంత మళ్లీ తెరుచుకుని ఉంది, నడుమ దిమ్మ నిలబడి ఉంది. జమ్ములమ్మ గట్టు మీద కూర్చుంది. ఇలియాస్ చెవికి కట్టు కట్టించుకుని వచ్చి, చెప్పాల్సిన మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"అక్కా, యేసయ్య..."

"ఊకో తమ్మీ." ఆమె కొంగు ముడి విప్పింది. "గీ దారం పెండ్లినాడు నేను గట్టిన. తానానికి గుడ దియ్యడు. దానికి కత్తెర వెట్టనిచ్చిండంటె పానం లేనట్టె. నీ చేతుల జూసినప్పుడే ఎర్కైంది."

"ఎర్కైనంక గుడ ఎందుకొచ్చినవు?"

"బిడ్డ బస్సుల ఉండె గద." దారాన్ని మళ్లీ కొంగున ముడేసింది. "ఏడ్వనీకి పొద్దు లేకుండె. ఇగ ఉన్నది."

ఇలియాస్‌కు సిగ్గేసింది. తుపాకీ ముందు నిలబడ్డప్పుడు కూడా అంత దిక్కుతోచలేదు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. అడిగితే ఆమె సరే అంటుందేమోనని భయమేసి మానుకున్నాడు.

టిఫిన్ డబ్బా మోగింది. యమున.

"శైలజ?"

"మాట్లాడుతుంది మేడమ్. సంతకం మాత్రం ఎడమచేత్తోనే పెట్టాలి."

"గుడ్. అక్కడ ఏమీ జరగలేదు. గంటలో గుంత పూడ్చేసి వచ్చెయ్."

ఇలియాస్ గుంత వైపు చూశాడు. పూడ్చడానికి వచ్చిన ఇద్దరు జవాన్లు దూరంగానే ఆగిపోయారు. జమ్ములమ్మ గుంతలోకి దిగి, దిమ్మకు వీపు ఆనించి, ఒళ్లో రక్తం ఆరిన పార పెట్టుకుని కూర్చుని ఏడుస్తోంది. పక్కకు జరగమని చెప్పే ధైర్యం వాళ్లకు లేదు. అతనికీ లేదు.

"కొంచెం లేటవుతుంది మేడమ్."

"ఎందుకు?"

"ఇంకా కొలవలేదు. టేపు కోసం మనిషిని పంపాను."