ఏడో బావి ఊపిరి

గ్యాస్ ధారని అదుపుచేసే చోక్‌ని విప్పి చూశాడు గూఢచారి డేగ. రిపోర్టు ప్రకారం బొటనవేలు దూరాల్సిన ఆ ఉక్కు బిళ్ల రంధ్రంలో పెన్సిల్ మొన కూడా కష్టంగా దూరుతోంది.

అంటే ఏడో నంబరు గ్యాస్ బావి చావలేదు. ఎవరో దాని గొంతు నొక్కి, ఊపిరి లేదని రాశారు.

టైమ్ పదకొండూ ఇరవై. పన్నెండింటికి బావిలోకి సిమెంటు దిగుతుంది. దిగాక తెరవడం ఎవరి తరమూ కాదు. సరిహద్దు అవతల పరాయి ముఠా బావి కూడా భూమిలో ఇదే పొరనుంచి గ్యాస్ తోడుతోంది. ఇది మూతపడితే అంతా వాళ్లదే. ఇక్కడ ఆసుపత్రి బాయిలర్ దగ్గర్నుంచి ఇళ్లలో పొయ్యిల దాకా ఆరిపోతాయి.

మెకానిక్ వేషంలో నాలుగు రోజులుగా గ్రీజు పూసుకుంటున్న డేగ, హెల్మెట్‌లో దాచిన రేడియోలో చీఫ్‌కి సంగతి చెప్పాడు. చోక్ దగ్గరికి వెళ్లగలిగేది ముగ్గురే: నల్లకళ్లద్దాల కన్సల్టెంట్ మేడమ్, సిమెంటు ఫోర్‌మన్, టెస్ట్ ఇంజినీర్ మాస్టారు.

"మేడమ్ జోలికి పోకు. ఆవిడ ఆ ముఠాలో చేరింది మన గూఢచారిగానే."

"ముందే చెప్తే నాలుగు రోజులు ఆవిడ వెనకాల తిరిగేవాణ్ని కాదుగా సార్."

"ఆవిడ కూడా కంప్లైంట్ చేసిందిలే."

ఇక మిగిలింది ఇద్దరు. డేగ అసలు సైజు చోక్ బిగించి, మూసేముందు రూలు ప్రకారం చివరి టెస్ట్ చేద్దామని అందర్నీ పిలిచాడు. పాత చోక్ అరిగిపోయిందనీ, రిపోర్టులో ఉన్న సైజుదే కొత్తది వేశాననీ మాటవరసకి అన్నట్టు చెప్పాడు. శవానికి సింగారం దేనికని ఫోర్‌మన్ నవ్వాడు.

టెస్టులో వచ్చే గ్యాస్‌ని గొట్టం చివర మంట పెట్టి కాల్చేస్తారు. ఇన్నాళ్లూ అక్కడ చిన్న మంటే. అలవాటుగా ఫోర్‌మన్ దగ్గరికెళ్లి, మంట చుట్టూ హద్దుగా కట్టిన తాడు మీద మోచేతులు ఆనించాడు. మాస్టారు మాత్రం కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, పది అడుగులు వెనక్కి వేశారు.

డేగ ఫోర్‌మన్ కాలర్ పట్టి వెనక్కి లాగి, వాల్వ్ తిప్పాడు.

మంట తాటిచెట్టంత లేచింది. నేల అదిరింది. మీటరు ముల్లు చివరిదాకా కొట్టుకుపోయింది. పన్నెండింటికి రెండు నిమిషాలున్నాయనగా, సిమెంటు పంపు ఆపమని మేడమ్ చెయ్యెత్తింది.

"ఇక్కడ మంట పెద్దదవుతుందని మీకొక్కరికే ఎలా తెలిసింది మాస్టారూ?" అడిగాడు డేగ.

మాస్టారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

"ఈ బావి ఏడేళ్లలో ఎండిపోతుందని లెక్క కట్టింది నేను. పదకొండేళ్లయింది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే నన్ను చూసి నవ్వారు. మీ లెక్కే రైటన్నది ఆ ముఠా వాళ్లొక్కళ్లే. చోక్ మార్చింది నేనే, బాబూ. తప్పు చేసింది బావి. నేను దిద్దానంతే."