దారి తప్పిన అద్దం ముక్క

కుట్టుపిల్ల తన మేడ మెట్లు రెండేసి చొప్పున దిగి, పక్క మేడ మెట్లు మూడేసి చొప్పున ఎక్కింది. చేతిలో ఎవరో కుట్టడానికిచ్చిన పట్టుబట్ట. నడిమధ్య కాలిన చిల్లు.

"ఇక్కడేమైనా నిప్పులు కురిపిస్తున్నారా?"

అక్కడున్నది నిప్పు కాదు, గంగాళమంత డిష్. లోపలంతా అద్దం ముక్కలు. ఎండనంతా ఒక్కచోటికి పోగుచేసి, కొత్త లైబ్రరీ చీకటి గదుల్లోకి వెలుగు పంపడానికట. పని ఆపితే దుప్పటి కప్పాలి. దాన్ని చేసే అబ్బాయి టీకి వెళ్తూ కప్పడం మరిచాడు. అదీ సంగతి.

"సారీ అండీ, ఎండ..."

"ఎండ మీదకి నెడతారేం? దానికి నోరు లేదనా?"

ఏమాటకామాటే, అబ్బాయి మంచివాడే. అదే రంగు బట్ట కోసం ఊరంతా గాలించి తెచ్చాడు. కుట్టుపిల్ల డిష్‌కి నాడా పెట్టి ముసుగు కుట్టింది. తన బట్టలు మళ్ళీ కాలకూడదనే, మరెందుకూ కాదట!

ముసుగు కొలతలకని వెళ్ళిన మనిషి అతని పని చూస్తూ కూర్చుండిపోయింది. అద్దం ముక్కల్ని నడిమధ్య మొదలుపెట్టి, పొద్దుతిరుగుడు గింజల్లా సుడి తిరుగుతూ అంచుదాకా అతికించాలి.

"ఒక్కటి దారి తప్పితే?"

"వెనకాలవన్నీ తప్పుతాయి. ఇంటికి పెద్దవాణ్ణని మా అమ్మ నాకూ ఇదే చెబుతుంది."

ఆమె పకపకా నవ్వింది. తనూ ఓ ముక్క అతికించింది.

డిష్ కొత్త లైబ్రరీకి వెళ్ళే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున కుట్టుమిషను మీద అరచేతంత వెలుగు పడింది. డిష్‌లో ఏదో ముక్క వంకరపోయిందన్నమాట. ఒక్క ముక్క వంకరున్నా లైబ్రరీవాళ్ళు తీసుకోరు. ఇంకెవరిది, తనదే అయ్యుంటుంది! ఒక్క పరుగున వెళ్ళింది.

"నా ముక్కే పాడుచేసింది కదూ?"

"మీది బుద్ధిగానే ఉంది. దీన్ని నేనే వంచాను." అంచున ఉన్న చివరి ముక్క చూపించాడు. "మీతో చెబుదామంటే నోరు పెగల్లేదు. మధ్యాహ్నం లారీ వస్తుంది. నేనంటే మీకిష్టమో కాదో చెబితే, ఆలోగా సరిచేస్తాను."

"లారీ వస్తేగానీ అడగరా? అది రాకపోతేనో?"

"ఈ వెలుగు రోజూ మీ మిషను మీదే పడుతుండేది."

కుట్టుపిల్ల జిగురింకా ఆరని ఆ ముక్కను గోటితో ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది నాది. దీని చోట ఇంకోటి కోసుకోండి."

తమ మేడ కిటికీలోంచి ఆమె నాన్న కేక వినిపించింది.

"అమ్మాయ్, నీ చేతిలో అద్దం నా కళ్ళలో కొడుతోంది! చాల్లే, మీ మాటలన్నీ విన్నాను, అతన్ని మనింటికి తీసుకురా. మాట్లాడాలి. వచ్చేముందు ముసుగు కప్పి రమ్మను!"