మూడో నంబరు గది నీడ

మూడో నంబరు గది అంటే ఆ కోల్డ్ స్టోరేజీలో అందరికీ హడలే.

చేపల పెట్టెలు దాచే గది అది. సున్నాకి ఇరవై ఐదు డిగ్రీలు కింద… తడి చెయ్యి ఇనుముకి తగిలితే తోలు ఊడి వచ్చేంత చలి. కానీ జనం భయపడింది చలికి కాదు. తలుపు బయట నడవలోనూ గడ్డకట్టే చలే, అక్కడ గోడకి ఒక తెర ఉంది. గదిలో కెమెరా ఏం చూస్తే అది ఆ తెర మీద పడుతుంది. రాత్రిపూట, లోపల ఎవరూ లేనప్పుడు కూడా, దాని మీద ఒక నీడ కదులుతుందని చెప్పుకునేవాళ్లు. పొగలాంటి ఒళ్లు… ఒకటీ రెండూ కాదు, నాలుగైదు చేతులు… రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతుందట.

ఏడాది కిందట ఆ గదిలో ఒక హమాలీ గడ్డకట్టి చనిపోయాడు. ఆ నీడ అతనిదే అని అందరి మాట. దాంతో చీకటి పడ్డాక ఆ నడవలో కాలు పెట్టే మొనగాడు లేకుండా పోయాడు — ఒక్క వాచ్‌మన్ తప్ప. అతనికి తప్పదు. గంటగంటకీ వచ్చి గది డిగ్రీలు పుస్తకంలో రాయాలి.

ఆ తెర మార్చడానికి వచ్చిన మెకానిక్కు ఒకావిడ. నలభై దాటిన మనిషి. కొలిమి పక్కన, మంచుగదుల్లో, మామూలు తెరలు రెణ్ణెల్లు కూడా బతకని చోట్ల గట్టి తెరలు బిగించడం ఆవిడ పని. అందుకే తెలిసినవాళ్లంతా తెరలక్క అనేవాళ్లు.

రాత్రి ఎనిమిదింటికి పాత తెర కొలతలు తీసుకుంటూ వాచ్‌మన్‌తో అంది.

"దెయ్యం లేదు, గియ్యం లేదు బాబాయ్. ఈ అద్దం లోపల ఒక ద్రవం ఉంటుంది. చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టు అదీ మందగిస్తుంది. మనిషి కదిలినా బొమ్మ వెంటనే చెరగదు. చెయ్యి ఊపితే పాత చెయ్యి అక్కడే ఉంటుంది, కొత్తది పక్కన వచ్చి చేరుతుంది. నాలుగు చేతులు కనపడక ఏం చేస్తాయి?"

"మరి నువ్వు తెచ్చేదో?"

"దానికి వెనక సన్నటి హీటరు ఉంటుంది. నలభై డిగ్రీలు కిందకి పోయినా బొమ్మ చురుగ్గానే ఉంటుంది. పొద్దున తెచ్చి బిగిస్తా."

"చదువుకున్నదానివి. నిజమే అయ్యుంటుందిలే తల్లీ," అన్నాడు వాచ్‌మన్. అన్నాడే గానీ తెర వైపు కన్నెత్తి చూడలేదు.

వస్తానని చెప్పేసింది. అతను గేటు వైపు వెళ్లిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి — లోపల కెమెరా వైరు కొలవలేదని. ఐదు నిమిషాల పని. ఫోను అప్పటికే వెనక గేటు దగ్గర బండి డిక్కీలో పెట్టేసింది. స్టోరేజీ వాళ్లిచ్చిన మందపాటి కోటు ఒంటి మీదే ఉంది. లైటు వేసుకుని, తలుపుకి చెక్కముక్క అడ్డం పెట్టి లోపలికి వెళ్లింది.

గడప మీద మంచు పేరుకుని ఉంది. చెక్క జారింది.

ధబ్…

వెనక్కి తిరిగేసరికి తలుపు మూసుకుపోయింది. కంగారు పడలేదు. లోపలి నుంచి తీసుకోవడానికి ఒక కడ్డీ ఉంటుంది, తోస్తే చాలు. తోసింది. రాలేదు. భుజం ఆనించి తోసింది… కడ్డీ మంచు పట్టి రాయిలా బిగుసుకుపోయింది.

కాసేపటికి లైటు ఆరిపోయింది.

ఎవరో వేసి మరిచిపోయారనుకుని వాచ్‌మనే నడవ మొదట్లో స్విచ్చి తీసేశాడు. అంటే… తను వెళ్లిపోయిందనే అనుకుంటున్నాడు.

అరిచింది. ఫ్యాన్ల హోరులో తన గొంతు తనకే వినపడలేదు. స్పానరు తీసి తలుపు బాదింది. జానెడు మందం తలుపు అది. చివరికి కెమెరా గుర్తొచ్చింది. అది చీకట్లోనూ చూడగలదు. దాని కిందకి వెళ్లి రెండు చేతులూ ఎత్తి ఊపింది… ఊపింది… భుజాలు పడిపోయేదాకా ఊపింది.

టార్చి వేసి చూస్తే వాచీలో తొమ్మిదయింది. అతను డిగ్రీలు రాసే వేళ. కడ్డీ దూరే రంధ్రం దగ్గరికి పరిగెత్తి చెవి ఆనించింది. బయట సన్నగా వణుకుతున్న గొంతు —

"నన్నేం చెయ్యకు నాయనా… నీ జోలికి నేను రాలేదు…"

ఆవిడ నోరు తెరిచేలోపే పరుగు. తరవాత ఏమీ లేదు.

నాయనా అన్నాడు. తనని కాదు… చచ్చిపోయిన హమాలీని అంటున్నాడు. పగలు విన్న మాటలు రాత్రి భయానికి అక్కరకి రావు. తను ఎంత ఊపితే అంత దెయ్యం అయింది, ఆ పాడు తెర మీద.

కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. కనురెప్పలు అంటుకుపోతున్నాయి. ఇంట్లో కూతురు గడియ వెయ్యకుండా కూర్చుని ఉంటుంది, అమ్మ వస్తుందని. ఈ కోటుతో ఇంకో గంట ఆగచ్చు. తెల్లవారేదాకా ఆగడం మనిషి వల్ల కాదు.

పదింటికి అతను మళ్లీ రావాలి. డిగ్రీలు రాయకపోతే ఉద్యోగం ఊడుతుంది. వస్తాడు. రంధ్రంలోంచి అరిచినా దెయ్యమనే పారిపోతాడు. వచ్చినప్పుడు ఆ తెర మీద మనిషి కనపడాలి, నీడ కాదు…

కదిలితేనే కదా బొమ్మ చెదిరేది. కదలకపోతే? ఎంత పేరుకున్న ద్రవమైనా మెల్లగా కుదురుకుంటుంది.

పది కావడానికి ఐదు నిమిషాలుందనగా, ఒంట్లో ప్రాణమంతా ఇంకా కదులు కదులు అంటుంటే, కెమెరా కింద ఆగిపోయింది. టోపీ తీసేసింది. మఫ్లరు తీసేసింది. జడ ముందుకి వేసుకుంది — హమాలీకి జడ ఉండదు. టార్చి ముఖం మీద పడేలా పెట్టెల మీద పెట్టి, వీపు ఇనప అరకి ఆనించి, వణుకు ఆగడానికి చేతిగ్లోవు పళ్లతో బిగబట్టి నిలబడింది.

చెవులు మండాయి. తరవాత మండడం మానేశాయి. దానికే ఎక్కువ భయమేసింది.

పదీ ఐదు… పదీ పది… నిద్ర ముంచుకొస్తోంది, తియ్యగా…

లైటు వెలిగింది.

తలుపు తెరిచిన వాచ్‌మన్ గుమ్మంలోనే కూలబడ్డాడు. "జడ కనపడింది తల్లీ… జడ కనపడింది," అంటున్నాడు, అదే మాట.

తన గదిలో కూర్చోబెట్టి దుప్పట్లు కప్పాడు, వేడినీళ్లు తాగించాడు. ఆవిడకి మాట రావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా అతను ఆవిడ ముఖం వైపు చూడలేదు.

"పోనీలే బాబాయ్," అంది చివరికి. "తప్పు నీది కాదు, ఆ తెరది. ఆ అద్దంలో బతికున్న మనిషి కూడా దెయ్యంలాగే కనపడతాడు."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"బతికున్న మనిషి కూడానా?"

"అవును. ఎవరైనా సరే."

అతను లేచి తలుపు దగ్గరగా వేశాడు. తరవాత నేల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఆ హమాలీ శవం సోమవారం పొద్దున దొరికింది తల్లీ. మధ్యలో ఆదివారం సెలవు. ఈ నీడని అందరికంటే ముందు చూసింది నేనే… శనివారం రాత్రి. నాలుగు చేతులు ఊపుతూనే ఉంది. మనిషనుకోలేదు… తెర మీద గుడ్డ కప్పేసి వెళ్లిపోయాను."